కరణం మల్లేశ్వరి: క్రీడాజీవితం, దాని కాలం

కరణం మల్లేశ్వరి (జననం 1975 జూన్ 1) ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేటలో పెరిగారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించారు. ఆ ఒలింపిక్స్‌లో భారతదేశానికి వచ్చిన పతకం అదొక్కటే. ఈ కారణంగా ఆమె గురించిన రాతల్లో చాలావరకు సిడ్నీతో మొదలై సిడ్నీతోనే ముగుస్తాయి. ఆమె పోటీల చరిత్రను సంవత్సరాల వరసలో పెట్టి చూస్తే మాత్రం వేరే ఆకారం కనిపిస్తుంది. ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది 1994, 1995లలో. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దొరికింది 2000లో. నడుమ ఐదేళ్ల ఎడం ఉంది. క్రీడాకారుల దేహానికి ఒక కాలం ఉంటుంది, వారికి బరిని సమకూర్చే వ్యవస్థకు మరొక కాలం ఉంటుంది. ఈ రెండూ తమంతట తాము కలవవు. చిన్న ఊళ్ల నుంచి, చిన్న దేశాల నుంచి వచ్చినవారి క్రీడాజీవితాలను మలిచేది ప్రధానంగా ఈ ఎడమేనన్నది ఈ వ్యాసం వాదన. మల్లేశ్వరి ఘనత ఆమె ఎత్తిన బరువులో ఎంత ఉందో, ఆ ఎడాన్ని దాటిన తీరులో కూడా అంత ఉంది.

పూర్వరంగం: బలానికి బరి లేని రోజులు

ఉత్తరాంధ్ర పల్లెల్లో బరువులెత్తడం కొత్త విద్య కాదు. పండగలకూ జాతరలకూ సంగిడి ఎత్తే పోటీలు పెట్టడం శ్రీకాకుళం జిల్లా ఊళ్లలో ఇప్పటికీ ఉంది. కుర్రాళ్లు కసరత్తు చేసే తాలింఖానాలు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. ఈ ప్రాంతపు బలానికి దేశమంతటా పేరు తెచ్చినవారు కోడి రామ్మూర్తి నాయుడు. 19వ శతాబ్దం చివర్లో వీరఘట్టంలో పుట్టారు. ఆ ఊరు 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. గొలుసులు తెంచడం, కదిలే కారును ఆపడం, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకోవడం వంటి ప్రదర్శనలతో ఆయన కలియుగ భీముడిగా ప్రసిద్ధికెక్కారు. శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. అంతటి బలశాలికి ఆ రోజుల్లో దొరికిన బరి సర్కస్ గుడారం. బరువును కిలోల్లో కొలిచి, దేహపు బరువును బట్టి విభాగాలు చేసి, నియమం ప్రకారం గెలుపోటములు తేల్చే పోటీ ఆయన యవ్వనంలో ఈ వైపు లేదు. ఆయన బలం ఎంతో ప్రేక్షకుల చప్పట్లను బట్టి అంచనా వేయాల్సిందే. ఇంకో ఆటగాడితో పోల్చి చెప్పే లెక్క ఏదీ మనకు మిగల్లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పురుషుల పరిస్థితి కొంత మారింది. విజయవాడలో స్టేడియానికి పేరు ఇచ్చిన దండమూడి రాజగోపాలరావు తరం నాటికి ఆంధ్ర ప్రాంతపు పురుషులు జాతీయ వెయిట్‌లిఫ్టింగ్‌లో పేరు తెచ్చుకున్నారు. స్త్రీలకు ఆ దారి ఇంకా చాలాకాలం మూసే ఉంది. పురుషుల వెయిట్‌లిఫ్టింగ్ 1896లో, అంటే తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే కనిపిస్తుంది. మహిళలకు మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది 1987లో, అమెరికాలోని డేటోనా బీచ్‌లో. ఆసియా క్రీడల్లో వారికి చోటు 1990 బీజింగ్‌లో దక్కింది. పదేళ్ల ముందు పుట్టి ఉంటే, సాధన మొదలుపెట్టే వయసులో మల్లేశ్వరికి ఎత్తడానికి ఇనుము దొరికేదేమో గాని, పోటీ పడడానికి వేదిక దొరికేది కాదు. కోడి రామ్మూర్తికి ఎదురైన లోటు స్త్రీల విషయంలో ఇంకో ఎనభై ఏళ్లు కొనసాగింది.

ఊసవానిపేట నుంచి బెంగళూరు దాకా

మల్లేశ్వరి తండ్రి మనోహర్ రైల్వే రక్షణ దళంలో కానిస్టేబుల్. తల్లి పేరు శ్యామల. ఇంట్లో అక్కచెల్లెళ్లందరూ బరువులెత్తినవారే. అక్క నరసమ్మ ముందు ఈ దారి పట్టారు. ఊళ్లో శిక్షణ ఇచ్చినవారు నీలంశెట్టి అప్పన్న. పన్నెండేళ్ల వయసులో మల్లేశ్వరి ఆయన దగ్గర చేరాలనుకున్నప్పుడు పిల్ల మరీ బక్కపలచగా ఉందని మొదట ఒప్పుకోలేదు. తల్లి ప్రోత్సాహం వల్ల ఆమె పట్టు వదల్లేదు. 1980ల చివర ఒక పల్లెలో ఆడపిల్ల బార్‌బెల్ పట్టుకోవడానికి ఇంట్లో అభ్యంతరం లేకపోవడం, నేర్పేవారు నడిచి వెళ్లే దూరంలో ఉండడం, తనకంటే ముందు అక్క ఆ బాట నడవడం అనే మూడూ ఒక్కచోట కుదిరాయి. అది 1987 ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన కాలమే. ఊళ్లో తయారీ మొదలైన సమయానికి దూరంగా ఎక్కడో తలుపు తెరుచుకోవడం ఆ కుటుంబం చేసుకున్న ఏర్పాటు కాదు. తలుపు తెరిచినప్పుడు సిద్ధంగా ఉండడం మాత్రం కుటుంబం, గురువు చేసిన పనే.

రెండో మలుపు 1990లో వచ్చింది. బీజింగ్ ఆసియా క్రీడల ముందు జరిగిన జాతీయ శిబిరానికి అక్కతో కలిసి వెళ్లిన మల్లేశ్వరిని లియోనిద్ తారనెంకో గమనించారు. ఆయన 1980 మాస్కో ఒలింపిక్స్ స్వర్ణ విజేత. 1988లో క్లీన్ అండ్ జెర్క్‌లో 266 కిలోలు ఎత్తి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. ఆయన చొరవతో మల్లేశ్వరికి బెంగళూరులోని క్రీడా శిక్షణ సంస్థలో చోటు దొరికింది. శిబిరంలో క్రీడాకారిణిగా ఆమె పేరు లేదు, అక్క వెంట వెళ్లినందుకు గురువు కంట పడ్డారు. దీన్ని అదృష్టం అనుకుంటే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. ఊసవానిపేటలో అప్పటికే ఒక వరస ఏర్పడి ఉంది కాబట్టి, దాని కొసన ఉన్న చిన్నపిల్లకు కూడా శిబిరం దారి తెలిసింది. ముందు నడిచినవారు లేని ఊళ్లో అంతే బలమున్న పిల్ల ఆ శిబిరం గుమ్మం దాకా వచ్చే వీలే లేదు.

శిఖరం: 1993 నుంచి 1996

బెంగళూరు శిక్షణ ఫలితం త్వరగానే కనబడింది. 1993లో మెల్‌బోర్న్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 54 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. 1994లో ఇస్తాంబుల్‌లో, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలో అదే విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచారు. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో రజతం, 1996 వార్సా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం వచ్చాయి. అర్జున పురస్కారం, రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న ఈ కాలపు విజయాలకు దక్కిన గుర్తింపులు. 1999లో పద్మశ్రీ అందుకున్నారు. అంటే ప్రభుత్వం ఆమెకు పెద్ద పురస్కారాలు ఇచ్చేసినప్పటికి సిడ్నీ ఇంకా రాలేదు. అయినా జనంలో ఆమె పేరు పెద్దగా మోగలేదు. రెండుసార్లు ప్రపంచ విజేత అయిన క్రీడాకారిణి ఒలింపియన్ కాకపోవడం వల్ల తెరచాటున ఉండిపోయారు. ఆమె దేహం అత్యున్నత స్థితిలో ఉన్న 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జరిగాయి. ఆ క్రీడల్లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ లేదు. ఆమె చేసిన పొరపాటు ఏమీ లేకుండానే, ఆమె ఎత్తగలిగిన బరువుతో నిమిత్తం లేకుండానే ఆ ఏడాది దాటిపోయింది.

వ్యవస్థ ఆలస్యంగా రావడమే కాదు, వచ్చేటప్పుడు కొలతలు కూడా మార్చింది. 1998లో అంతర్జాతీయ సమాఖ్య విభాగాలను కొత్తగా నిర్ణయించింది. మహిళలకు తొమ్మిదిగా ఉన్న విభాగాలు ఏడయ్యాయి. మల్లేశ్వరి రాజ్యమేలిన 54 కిలోల విభాగం రద్దయింది. దాని స్థానంలో 53, 58, 63, 69 వంటి కొత్త గీతలు వచ్చాయి. ఆమె 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోలకు మారి రజతం గెలిచారు. తరవాత 69కి వెళ్లారు. ఐదేళ్లలో మూడు విభాగాలు! వెయిట్‌లిఫ్టింగ్‌లో విభాగం మారడం అంటే రికార్డు పుస్తకంలో పేజీ మారడం మాత్రమే అనుకోకూడదు. కండ పెంచుకోవాలి, ఆ కండ వేగాన్ని తగ్గించకుండా చూసుకోవాలి, స్నాచ్‌లో బార్ పైకి లేచే దారిని మళ్లీ సరిదిద్దుకోవాలి. అప్పటిదాకా ఎప్పుడూ తలపడని ప్రత్యర్థులతో పోటీ పడాలి. సిడ్నీకి ముందు ఆమె బరువు పెరిగిందని, మంచిరోజులు అయిపోయాయని పత్రికల్లో వచ్చిన విమర్శ ఈ మార్పును తప్పుగా చదివింది. విమర్శకులు క్షీణతగా చూసింది నిజానికి ఒలింపిక్స్ కాలానికి దేహాన్ని సర్దుకునే ప్రయత్నం.

సిడ్నీ 2000

69 కిలోల విభాగంలో మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. చైనా క్రీడాకారిణి లిన్ వెయినింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ చెరో 242.5 కిలోలతో సమంగా నిలిచారు. మొత్తాలు సమానమైనప్పుడు శరీర బరువు తక్కువ ఉన్నవారిది పైచేయి అనే నియమం ప్రకారం లిన్‌కు స్వర్ణం దక్కింది. మల్లేశ్వరి తన చివరి ప్రయత్నానికి 137.5 కిలోలు కోరారు. అది ఎత్తి ఉంటే మొత్తం 247.5 అయి, స్వర్ణం ఆమెదయ్యేది. ఎత్తలేకపోయారు. స్వర్ణానికీ కాంస్యానికీ మధ్య తేడా 2.5 కిలోలు మాత్రమే కావడంతో ఆ నిర్ణయం మీద ఆనాడు మొదలైన చర్చ నేటికీ ఆగలేదు. 132.5 అడిగి ఉంటే మొదటి ఇద్దరితో సమానమై రంగు మారేదేమో కదా అన్నది ఆ చర్చ సారాంశం.

ఈ వ్యాసం వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం కూడా ఇక్కడే పుడుతుంది. వ్యవస్థ ఆలస్యాన్ని ఎంత చెప్పినా, సిడ్నీలో స్వర్ణం పోవడానికి కారణం చివరి ప్రయత్నంలో తీసుకున్న నిర్ణయమే, దానికి కాలాన్ని తప్పుపట్టడం ఎందుకని అడగవచ్చు. నిర్ణయం ఆమె బృందానిదే, నిజమే. కానీ ఆ నిర్ణయం ఏ పరిస్థితుల్లో జరిగిందో చూడాలి. 240 కిలోల మొత్తం అప్పటికే ఆమె ఖాతాలో ఉంది. చివరి ప్రయత్నం తప్పినా ఆ మొత్తం పోదు. 25 ఏళ్లు నిండిన, విభాగం మార్చుకున్న, నాలుగేళ్ల తరవాత మరో అవకాశం ఉంటుందనే నమ్మకం లేని క్రీడాకారిణికి అది దాదాపు ఒకే ఒక్క ఒలింపిక్ సాయంత్రం. 1996లో కూడా ఒక అవకాశం ఉండి ఉంటే 2000లో నిదానంగా లెక్క వేసుకునే వెసులుబాటు ఉండేది. ఒక్కసారే దొరికే బరిలో స్వర్ణానికి గురిపెట్టడం తొందరపాటు కాదు, తర్కానికి నిలిచే పనే. తరవాతి చరిత్ర కూడా అదే చెప్పింది. 2001లో కొడుకు పుట్టాక తిరిగి సాధన మొదలుపెట్టి, 2002లో తండ్రి మరణంతో కామన్వెల్త్ క్రీడలకు దూరమై, 2004 ఏథెన్స్‌కు వెళ్లినా నడుము నొప్పితో పోటీ పూర్తి చేయలేక ఆమె ఆట నుంచి తప్పుకున్నారు. రెండో సాయంత్రం రాలేదు.

ప్రతిభ ఉంటే చాలదా?

రెండో అభ్యంతరం మరింత బలమైనది. తలుపు 2000లో అందరికీ ఒకేసారి తెరుచుకుంది కదా, పతకం తెచ్చింది మల్లేశ్వరి ఒక్కరే, కాబట్టి తేల్చింది ప్రతిభే అనవచ్చు. దీనికి సమాధానం మణిపూర్‌కు చెందిన నమెయిరక్‌పమ్ కుంజరాణి దేవి జీవితంలో ఉంది. ఆమె 1968లో పుట్టారు. 1989 మాంచెస్టర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడు రజతాలు గెలిచి, ఆ తరవాత కూడా పలుమార్లు పతకాలు అందుకున్నారు. భారత మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు దారి వేసినవారు ఆమే. 2000లో మహిళల్లో భారత్ తరఫున మల్లేశ్వరితో పాటు 53 కిలోల విభాగంలో సనమాచా చాను వెళ్లారు. కుంజరాణికి జట్టులో చోటు దక్కలేదు. ఆమెకు ఒలింపిక్ బరి 2004లో, 36 ఏళ్ల వయసులో దొరికింది. ఏథెన్స్‌లో 48 కిలోల విభాగంలో నాలుగో స్థానంలో నిలిచారు. పతకానికి ఒక్క మెట్టు దూరంలో ఆగిన ఆ ప్రదర్శనను చూస్తే, పదేళ్ల ముందే ఆ బరి ఉండి ఉంటే ఏమై ఉండేదన్న ప్రశ్న తప్పదు. ప్రతిభలో ఇద్దరూ ప్రపంచ స్థాయివారే. ఒకరు ఏడేళ్లు ముందు పుట్టారు. ఆ ఏడేళ్లే ఒకరిని పాఠ్యపుస్తకంలోకి, మరొకరిని క్రీడాభిమానుల జ్ఞాపకంలోకి చేర్చాయి.

అయితే ఈ ఉదాహరణను అతిగా సాగదీయకూడదు. వ్యవస్థ కాలమే సర్వస్వం అంటే మల్లేశ్వరి చేసిందేమీ లేదన్నట్టు అవుతుంది. 1993లో 54 కిలోల విభాగంలో ఉన్న క్రీడాకారిణి 2000లో 69లో ప్రపంచంలోని మొదటి ముగ్గురిలో నిలవడం అరుదు. చాలామంది తమ విభాగం రద్దయినప్పుడు ఆటతోనే సెలవు తీసుకుంటారు. ఆమె దేహాన్ని కొత్త కొలతకు తీసుకెళ్లారు. పెళ్లి (1997లో సహ వెయిట్‌లిఫ్టర్ రాజేశ్ త్యాగితో), ఉద్యోగం, విమర్శ అన్నీ నడుమ వచ్చినా సాధన నిలబెట్టుకున్నారు. అంటే ప్రతిభ అనే మాటకు ఇక్కడ అర్థం కొంచెం విస్తరిస్తుంది. ఉన్న శక్తిని ఆలస్యంగా వచ్చే అవకాశం దాకా చెడకుండా నిలుపుకోవడం కూడా ప్రతిభే. ఆ నిలుపుకోవడానికి ఖర్చు ఉంది. జీతం వచ్చే ఉద్యోగం, శిక్షణ శిబిరం, తిండి, వైద్యం లేనివారు ఐదేళ్లు ఎదురుచూడలేరు. భారత ఆహార సంస్థలో ఆమెకు దొరికిన ఉద్యోగం ఈ లెక్కలో పతకమంత విలువైనది. క్రీడాకారులకు కేంద్ర సంస్థలిచ్చే కొలువులను దయగా చూసేవారు ఈ సంగతి మరిచిపోతారు. వ్యవస్థ చేసే జాప్యానికి వ్యవస్థే చెల్లించే పరిహారం అది.

సమోవా నుంచి ఒక పోలిక

ఇది ఒక దేశానికో, ఒక క్రీడకో పరిమితమైన సంగతి కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా జనాభా సుమారు 2 లక్షలు. 2011 లెక్కల ప్రకారం సుమారు 27 లక్షల జనాభా ఉన్న అప్పటి శ్రీకాకుళం జిల్లాలో అది పదో వంతు కూడా కాదు. అయినా ప్రపంచమంతటా రగ్బీ వృత్తి క్రీడాకారుల్లో సమోవన్లు కనిపిస్తారు. వారి ఒడ్డూ పొడవూ చూసి ఇది జాతి లక్షణం అనేవారు చాలామంది. కాలక్రమం వేరే కథ చెబుతుంది. 1987లో జరిగిన మొదటి రగ్బీ ప్రపంచకప్‌కు ఆ దేశానికి ఆహ్వానమే రాలేదు. 1991లో పశ్చిమ సమోవా పేరుతో బరిలో దిగి, కార్డిఫ్‌లో వేల్స్‌ను 16-13తో ఓడించింది. నాలుగేళ్లలో ఆ దీవుల మనుషుల దేహాలు మారిపోలేదు, ఆహ్వానం ఒక్కటే మారింది. ఆ జట్టులో ఉన్న బ్రయాన్ లిమా 1991 నుంచి 2007 దాకా వరసగా ఐదు ప్రపంచకప్‌లు ఆడారు. ఆయన ఆడడం మొదలుపెట్టినప్పుడు రగ్బీ యూనియన్‌లో జీతం తీసుకోవడం నిషేధం. 1995లో ఆ ఆట వృత్తి క్రీడగా మారాక జపాన్, ఇంగ్లండ్ క్లబ్బుల దారి తెరుచుకుంది. ఒకే క్రీడాకారుడి జీవితంలో సగం ఒక కాలానికి, సగం మరో కాలానికి చెందింది.

వ్యవస్థ ఆలస్యం ఇటీవల మరో రూపంలో కనిపించింది. రగ్బీలో ఒకసారి ఒక దేశానికి ఆడినవారు పూర్వీకుల దేశానికి ఆడడం పాత నియమాల ప్రకారం దాదాపు అసాధ్యం. 2022 జనవరి నుంచి మూడేళ్ల విరామం తరవాత మారే వీలు కల్పించారు. న్యూజిలాండ్ జట్టుకు 2015లో ఆడడం మొదలుపెట్టిన లిమా సొపొఆగా 2023 ప్రపంచకప్‌లో సమోవాకు ఆడారు. అప్పటికి ఆయన వయసు 32. అంతకంటే స్పష్టమైన ఉదాహరణ రగ్బీలో కాదు, వెయిట్‌లిఫ్టింగ్‌లోనే దొరుకుతుంది. సమోవాకు మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చినవారు ఎలె ఒపెలోగె అనే మహిళ. 2008 బీజింగ్‌లో 75 కిలోల పైవిభాగంలో నాలుగో స్థానంలో నిలిచారు. పాత నమూనాలను మళ్లీ పరీక్షించగా తనకంటే ముందున్న ఇద్దరు నిషిద్ధ మందులు వాడినట్టు తేలి 2016లో వారి పతకాలు రద్దయ్యాయి. ఒపెలోగె రజత విజేత అయ్యారు. ఎత్తిన బరువు 2008లోనిది, గుర్తింపు ఎనిమిదేళ్ల తరవాతది. మల్లేశ్వరికి పోటీ ఆలస్యమైంది, ఒపెలోగెకు ఫలితం ఆలస్యమైంది. తీరు వేరైనా మూలం ఒకటే.

పలాస, టెక్కలి, ఉద్దానం వైపు చూస్తే

తిరిగి శ్రీకాకుళం జిల్లాకు వస్తే, హౌరా-చెన్నై రైలు మార్గంలో ఆమదాలవలస దగ్గరి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ నుంచి కోటబొమ్మాళి, నౌపడా మీదుగా పలాస సుమారు 70 కిలోమీటర్లు. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా గుణుపూర్‌కు మరో లైను చీలుతుంది. ఒకే జిల్లా, ఒకే రైలు, దాదాపు ఒకే తిండి, ఒకే రకం శ్రమ. దేహబలం విషయంలో జిల్లాలోని తీర ప్రాంతమైన ఉద్దానం ఎవరికీ తీసిపోదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో మోత పని చేసేవారు, పలాస-కాశీబుగ్గ జీడిపప్పు కర్మాగారాల్లో రోజంతా పనిచేసే స్త్రీలు, తీరంలో వల లాగే మత్స్యకారులు ఇందుకు సాక్ష్యం. ఆ మత్స్యకారులు పని వెతుక్కుంటూ గుజరాత్ వెరావల్ దాకా వెళ్తారు. 2018 నవంబరులో అక్కడి నుంచి వేటకు వెళ్లి పాకిస్థాన్ చేతిలో చిక్కినవారిలో ఈ జిల్లావాసులు ఉండడంతో ఆ వలస ఎంత దూరం సాగిందో రాష్ట్రమంతటికీ తెలిసింది. బలమైన దేహాలు ఈ తీరం నుంచి ఎప్పుడూ బయటికి వెళ్తూనే ఉన్నాయి. అవి వెళ్లిన దారులు కూలికి, వేటకు, కట్టడం పనులకు వేసిన దారులు. పన్నెండేళ్ల పిల్లకు బార్‌బెల్ పట్టడం నేర్పే మనిషి ఊసవానిపేటలో ఉండడమే ఈ రెండు ప్రాంతాలకూ మధ్య ఉన్న అసలు తేడా అని చెప్పడానికి మల్లేశ్వరి జీవితం ఆధారమిస్తుంది.

ఇక్కడ మూడో అభ్యంతరం వస్తుంది. తాగునీటికీ, మూత్రపిండాల వ్యాధికీ, తుపానులకూ తల్లడిల్లే ప్రాంతంలో ఆటల గురించి మాట్లాడడం విలాసం కాదా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. దశాబ్దాల తరబడి పెరిగిన చెట్లు ఒక్క రాత్రిలో పోయాయి. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి విస్తృతి 1990ల నుంచే వైద్యుల దృష్టికి వచ్చింది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది 2023 డిసెంబరులో. ఈ ప్రాధాన్యాల ముందు వ్యాయామశాల చిన్నదే. ఎవరైనా ఒప్పుకోవాలి. కానీ ఈ రెండు విషయాలూ ఒకదానికొకటి పోటీ కావు, ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. దేహం పాడయ్యే వేగం ఒకటి, దాన్ని కాపాడవలసిన వ్యవస్థ వచ్చే వేగం మరొకటి. డయాలసిస్ కోసం విశాఖపట్నం వెళ్లవలసి వచ్చిన రోగికీ, ఒలింపిక్ విభాగం కోసం ఐదేళ్లు ఎదురుచూసిన క్రీడాకారిణికీ పోలిక పెట్టడం బాధల తూకం వేయడానికి కాదు. రెండు చోట్లా ఆలస్యం ధర చెల్లించింది దేహమేనని చూపడానికి. ఆ ఆలస్యాన్ని తగ్గించే ఆలోచన ఆసుపత్రికి వర్తించినట్టే ఆటస్థలానికీ వర్తిస్తుంది.

వెయిట్‌లిఫ్టింగ్ విషయంలో ఆ ఆలోచన ఆచరణకు అందనంత ఖరీదైనదీ కాదు. క్రికెట్‌కు మైదానం కావాలి, ఈతకు కొలను కావాలి. బరువులెత్తడానికి గట్టి నేల ఉన్న ఒక గది, కొన్ని బార్లు, ప్లేట్లు, అన్నిటికంటే ముఖ్యంగా నడుము వంచకుండా ఎత్తే పద్ధతి తెలిసిన గురువు చాలు. ఆ గురువు పదకొండు, పన్నెండేళ్ల వయసుకే అందుబాటులో ఉండాలి. పద్దెనిమిదేళ్లకు జిల్లా కేంద్రంలో దొరికితే సమయం మించిపోతుంది. సాధన చేసే పిల్లకు మాంసకృత్తులున్న తిండి కావాలి. ఇరవై ఏళ్లు దాటాక నిలబడడానికి కొలువు కావాలి. ఊసవానిపేట అనుభవం నుంచి తీసుకోదగిన క్రమం ఇదే. తొలి మెట్టు ఊళ్లో, రెండో మెట్టు శిబిరంలో, మూడో మెట్టు ఉద్యోగంలో. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ నిష్ఫలమవుతాయి.

ఆట తరవాత

పోటీల నుంచి తప్పుకున్నాక మల్లేశ్వరి హర్యానాలోని యమునానగర్‌లో స్థిరపడి, అక్కడ అకాడమీ పెట్టి శిక్షణ ఇస్తున్నారు. 2021 జూన్‌లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా నియమితులయ్యారు. అదే ఏడాది టోక్యోలో మీరాబాయి చాను రజతం గెలిచేదాకా వెయిట్‌లిఫ్టింగ్‌లో భారతదేశానికి ఉన్న ఏకైక ఒలింపిక్ పతకం మల్లేశ్వరిదే. మహిళల్లో ఆమె తరవాత ఒలింపిక్ పతకం చూడడానికి దేశం 2012 దాకా ఆగింది. ఆ ఏడాది లండన్‌లో సైనా నెహ్వాల్, మేరీ కోమ్ గెలిచారు. మహిళల బాక్సింగ్‌కు కూడా ఒలింపిక్స్‌లో చోటు ఆ ఏడాదే దొరికిందని గుర్తిస్తే, అప్పటికే ఐదుసార్లు ప్రపంచ విజేత అయిన మేరీ కోమ్ కూడా మల్లేశ్వరి నడిచిన దారినే నడిచారని తెలుస్తుంది. ముందు ప్రపంచ కిరీటం, ఏళ్ల తరవాత ఒలింపిక్ గుమ్మం, చివరికి కాంస్యం.

శ్రీకాకుళం బిడ్డ హర్యానాలో గురువు కావడం గురించి కొందరు నొచ్చుకుంటారు. సమోవా క్రీడాకారులు ఆక్లాండ్‌లోనో, ఫ్రాన్స్‌లోనో స్థిరపడినప్పుడు అక్కడివారు కూడా ఇదే మాట అంటారు. ఈ నొప్పిలో న్యాయం ఉంది గాని, దాని గురి తప్పు. మనిషి ఎక్కడ బతకాలన్నది ఆ మనిషి ఇష్టం. అడగవలసిన ప్రశ్న వేరు. ఆమెను తయారుచేసిన తొలి మెట్టు, అంటే పల్లెలోని గురువు, గది, ఇనుము, నేడు జిల్లాలో ఎన్ని ఊళ్లకు నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి? విగ్రహాలు, స్టేడియం పేర్లు, సన్మానాలు జరిగిపోయిన క్రీడాజీవితానికి చెల్లించే బాకీలు. వజ్రపుకొత్తూరులోనో, సంతబొమ్మాళిలోనో ఇప్పుడు ఆరో తరగతి చదివే అమ్మాయికి అవేవీ ఉపయోగపడవు. మల్లేశ్వరి తరానికి లేని సదుపాయం ఆ అమ్మాయికి ఇప్పటికే ఒకటి ఉంది. ఒలింపిక్ బరి తెరిచే ఉంది, ఎదురుచూడనక్కర్లేదు. పై మెట్టు దగ్గరి ఆలస్యం తీరిపోయింది కాబట్టి మిగిలిన ఆలస్యమంతా కింది మెట్టుదే. దాన్ని తీర్చడం అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం చేతిలో లేదు, మండల స్థాయిలో నిర్ణయాలు తీసుకునేవారి చేతుల్లోనే ఉంది.